మకాం మార్చే ముందు

జీతమెంత? ఊరు మారే మాట వచ్చినప్పుడు ఇంట్లో మొదట వినబడే ప్రశ్న ఇదే. ఆ తరువాత అద్దె ఎంత, బియ్యం ధర ఎంత, రైలు ఎన్ని గంటలు అనే ప్రశ్నలు వస్తాయి. ఇవన్నీ అడగవలసినవే. అయితే మకాం మార్చడంలోని పెద్ద లాభనష్టాలు వీటిలో లేవని నా అభిప్రాయం. లాభం మొదటి నెల జీతంతోనే చేతికి వస్తుంది. నష్టం పదేళ్ళకో పదిహేనేళ్ళకో వస్తుంది. అదీ వెళ్ళాలని నిర్ణయించుకున్న మనిషికి కాదు, అతని చెయ్యి పట్టుకుని వెంట వెళ్ళిన పిల్లలకు. అందుకే చాలామంది దానిని లెక్కలో వేసుకోరు.

ఇటువంటి విషయాన్ని గాలిలో చర్చించేకంటే ఒక చోటు పేరు చెప్పుకుని చర్చించడం మంచిది. కోల్‌కతా నగరంలోని గార్డెన్ రీచ్‌ను తీసుకుందాం. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం జిల్లాలవారికి ఈ పేరు కొత్త కాదు. రైల్వేలో పనిచేసిన మామయ్యో, పెదనాన్నో, పక్కింటివారి అల్లుడో అక్కడ కొన్నేళ్ళు ఉండి వచ్చి ఉంటాడు.

గార్డెన్ రీచ్ హుగ్లీ నది తూర్పు ఒడ్డున, కిదిర్‌పూర్ ఓడరేవు పక్కన ఉంది. 1984 వరకు దానికి వేరే పురపాలక సంఘం ఉండేది. ఆ ఏడు కలకత్తా నగరపాలక సంస్థలో కలిసింది. యుద్ధనౌకలు కట్టే గార్డెన్ రీచ్ షిప్‌బిల్డర్స్ సంస్థ ఇక్కడిదే. 1884లో చిన్న కర్మాగారంగా మొదలైన ఆ సంస్థను 1960లో కేంద్ర ప్రభుత్వం తీసుకుంది. కాని మనవాళ్ళను పెద్ద సంఖ్యలో ఇక్కడికి రప్పించింది ఓడలు కాదు, రైలు. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే కంపెనీ తన ప్రధాన కార్యాలయాన్ని గార్డెన్ రీచ్‌లో కట్టుకుంది. ఆ భవనానికి నమూనా గీసిన విన్సెంట్ ఎష్ తరువాత హైదరాబాదు వెళ్ళి నిజాం కొలువులో హైకోర్టు, కాచిగూడ స్టేషను భవనాలకు రూపం ఇచ్చాడు. ఆయనా మకాం మార్చినవాడే!

కటకం నుంచి వాల్తేరు వరకు ఉన్న మార్గం 1902లో ఆ కంపెనీ చేతికి వచ్చింది. 1944లో కంపెనీ ప్రభుత్వపరమైంది. 1955 ఆగస్టు 1న ఆగ్నేయ రైల్వే ఏర్పడినప్పుడు దాని ప్రధాన కార్యాలయం గార్డెన్ రీచ్‌లోనే ఉండిపోయింది. వాల్తేరు ఆ జోన్‌లోకే వచ్చింది. అంటే ఉత్తరాంధ్ర రైల్వే ఉద్యోగికి జోన్ స్థాయి అధికారులు కలకత్తాలో ఉండేవారు. పదోన్నతి వచ్చినా, బదిలీ అయినా, పరీక్ష రాసి గుమాస్తాగా చేరినా గార్డెన్ రీచ్ వెళ్ళవలసి వచ్చేది. ఇటు ఖరగ్‌పూర్ వర్క్‌షాపు చుట్టూ తెలుగువారి పేటలే వెలిశాయి.

ఆ కుటుంబాలకు మేలు జరగలేదని ఎవరూ అనలేరు. వారికి జీతంతోపాటు క్వార్టరు దొరికింది. జబ్బు చేస్తే రైల్వేవారి సెంట్రల్ ఆసుపత్రి అక్కడే ఉంది. ఊరికి వెళ్ళిరావడానికి పాసు ఉంది. హౌరా నుంచి విశాఖపట్నం సుమారు 880 కిలోమీటర్లు. సాయంత్రం బండి ఎక్కితే తెల్లవారేసరికి మన భాష వినబడుతుంది. అక్కడ పనిలో చేరినవాడు ఒంటరివాడు కాడు. అతని వెనుక ఒక సంస్థ ఉంది. ఇల్లు, ఆసుపత్రి, పింఛను అన్నీ ఆ సంస్థ చూసుకుంది. ఇదే ముఖ్యమైన సంగతి. ఈనాడు ఆ పాత కథలు విని, "మా మామయ్య వెళ్ళి బాగుపడ్డాడు కదా, నేనూ వెళ్తాను" అనుకునేవారు ఈ తేడాను గమనించాలి. మామయ్య బాగుపడింది కలకత్తా వల్ల కాదు, రైల్వే ఉద్యోగం వల్ల.

సొంత ఊరిని వెంట తీసుకుని మకాం మార్చినవాడు గార్డెన్ రీచ్ చరిత్రలో ఒకడున్నాడు. అవధ్ నవాబు వాజిద్ అలీ షా. 1856లో ఆంగ్లేయులు ఆయన రాజ్యాన్ని కలుపుకున్న తరువాత కలకత్తా వచ్చి, గార్డెన్ రీచ్‌ను ఆనుకుని ఉన్న మెటియాబ్రూజ్‌లో స్థిరపడ్డాడు. వంటవాళ్ళు, దర్జీలు, పాటగాళ్ళు, గాలిపటాలు చేసేవాళ్ళు వెంట వచ్చారు. ఒక చిన్న లక్నో నగరాన్నే నదీతీరాన నిలబెట్టాడు. జంతుప్రదర్శనశాల కూడా పెట్టుకున్నాడు. 1887లో కన్నుమూసే వరకు ఆయనకు ఏటా 12 లక్షల రూపాయల భరణం వచ్చేది. అంత డబ్బుంటే ఎవరైనా ఊరిని మూటగట్టుకుని తీసుకుపోగలరు. మనకు అటువంటి వీలు లేదు. పెట్టెలో పట్టినవే మన వెంట వస్తాయి. రేషను కార్డు, కుల ధ్రువపత్రం, పిల్లల చదువు, అమ్మ నేర్పిన మాట వంటివాటిలో ఏవి పెట్టెలో పడతాయో, ఏవి గడప దాటగానే చెల్లకుండా పోతాయో ముందుగా చూసుకోవాలి.

మొదట డబ్బు లెక్క చూద్దాం. ఇక్కడ వేసే అంకెలు లెక్క చూపడానికి వేసుకున్నవే, ఎవరి జీతమూ కాదు. విజయనగరం దగ్గర ఒక వెల్డరుకు నెలకు 15,000 రూపాయలు వస్తున్నాయనుకోండి. సొంత ఇల్లు. భార్య కుట్టుపని చేసి 3,000 తెస్తుంది. ఇంటి ఖర్చు, తల్లిదండ్రుల మందులతో కలిపి 13,000. నెలకు 5,000 మిగులుతాయి. రేవు ప్రాంతంలో ఒక కాంట్రాక్టరు 22,000 ఇస్తానన్నాడు. ఏడు వేలు ఎక్కువ! వెళ్ళక ఏం చేస్తాం అనిపిస్తుంది. కాని అద్దెకు 5,000 పోతాయి. ఇంటి ఖర్చు 11,000. ఊళ్ళో ఉన్న తల్లిదండ్రులకు 2,000 పంపాలి. ఏడాదికి రెండు సార్లు నలుగురూ వచ్చివెళ్ళే ఖర్చును నెలకు పంచితే వెయ్యి. మొత్తం 19,000. మిగిలేది 3,000. ఏడు వేలు ఎక్కువ తెచ్చే ఉద్యోగం నెలకు రెండు వేలు తక్కువ మిగిల్చింది. భార్య కుట్టుపని ఆగిపోవడం ఇందుకు ఒక కారణం. దానిని మాత్రం ఎవరూ "జీతం" అనరు.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. మెటియాబ్రూజ్ అంటేనే కుట్టుపని. తయారు దుస్తుల వ్యాపారానికి అది పేరుపడ్డ చోటు. కుట్టు వచ్చిన స్త్రీకి అక్కడ పని దొరకదని చెప్పలేం. అయితే ఆ పని చేతులు మారేది తెలిసినవారి మధ్య, బెంగాలీ ఉర్దూ మాటల్లో. మాట వచ్చి, నలుగురూ తెలిసేసరికి ఏడాది పట్టవచ్చు. ఆ ఏడాదిని తట్టుకునే డబ్బు చేతిలో ఉందా అన్నది అసలు ప్రశ్న.

అదే వెల్డరు ఆరు నెలలు ఒంటరిగా వెళ్ళాడనుకోండి. నలుగురితో కలిసి గది, భోజనం, దారి ఖర్చులకు 7,000 అయితే, ఇంటికి 15,000 పంపగలడు. భార్య సంపాదన ఆగదు, పిల్లల బడి మారదు. ఇంట్లో ఒక మనిషి తిండి తగ్గుతుంది కూడా. దాచుకునేది మునుపటికంటే పెరుగుతుంది. ఒంటరితనం ఉంటుంది, నిజమే. కాని కాంట్రాక్టరు మాట నిలబడేదో కాదో ఆ ఆరు నెలల్లో తెలిసిపోతుంది. అదీగాక వెల్డింగు పనికి విశాఖలోనే 1941లో మొదలైన నౌకా నిర్మాణ కేంద్రం ఉంది. దాని చుట్టుపక్కల వర్క్‌షాపులూ ఉన్నాయి. దూరపు కొండలు నునుపు అని ఊరికే అనలేదు.

అద్దె విషయంలో మరొక హెచ్చరిక అవసరం. చవకైన గది ఎప్పుడూ చవక కాదు. 2024 మార్చి 17 అర్ధరాత్రి గార్డెన్ రీచ్‌లో అనుమతి లేకుండా కడుతున్న అయిదంతస్తుల భవనం కూలింది. పక్కనున్న పేదల ఇళ్ళమీద పడింది. పదిమందికి పైగా చనిపోయారు. చనిపోయినవారిలో ఆ భవనంతో ఏ సంబంధమూ లేని ఇరుగుపొరుగువారు ఉన్నారు. కొత్తగా వచ్చినవారికి ఏ సందులో ఏ కట్టడం ఎలా లేచిందో తెలియదు. ఆ తెలివి పాతకాపులకు ఉంటుంది. కాబట్టి గది చూసేటప్పుడు అద్దె ఒక్కటే కాదు, పక్క గోడను కూడా చూడాలి, పదిమందిని అడగాలి.

ఇక పిల్లల సంగతి. ఈ వ్యాసంలో నేను ముఖ్యంగా చెప్పదలచినది ఇదే.

తెనాలిలో పుట్టిన ఒక అబ్బాయి ఉన్నాడు. ఆంధ్రప్రదేశ్‌లో షెడ్యూల్డ్ తెగగా గుర్తింపు ఉన్న కుటుంబం. తండ్రికి కేంద్ర ప్రభుత్వ రంగ సంస్థలో ఉద్యోగం. ఆ ఉద్యోగం వల్ల కుటుంబం బొంబాయి చేరింది. పిల్లవాడు అక్కడే చదివి, వైద్య కళాశాలలో తెగల కోటా కింద సీటు అడిగాడు. ఇవ్వలేదు. కేసు సుప్రీంకోర్టు వరకు వెళ్ళింది. 1990 మే నెలలో కోర్టు తీర్పు చెప్పింది. ఒక రాష్ట్రంలో షెడ్యూల్డ్ కులంగానో తెగగానో ఉన్న గుర్తింపు ఆ రాష్ట్రానికి సంబంధించినది మాత్రమే, మరొక రాష్ట్రానికి మకాం మార్చినంత మాత్రాన వెంట రాదు అన్నది దాని సారాంశం. రాష్ట్ర ఉద్యోగాల విషయంలోనూ ఇదే సూత్రాన్ని 2018లో అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం మళ్ళీ చెప్పింది. ఆ తండ్రి చేసిన తప్పేమీ లేదు. ఉద్యోగం ఎక్కడికి పంపితే అక్కడికి వెళ్ళాడు. అతను ఊరు మారిన రోజున ఈ సంగతి చెప్పేవారూ లేకపోయి ఉండవచ్చు. గార్డెన్ రీచ్ వెళ్ళే కుటుంబానికీ ఇదే వర్తిస్తుంది. కేంద్ర ప్రభుత్వ కొలువులకు సొంత రాష్ట్రం గుర్తింపు పనికివస్తుంది. పశ్చిమ బెంగాల్ ప్రభుత్వ కొలువుకు, కళాశాల సీటుకు అది చాలదు.

అక్కడ దొరకకపోతే ఇక్కడికి వచ్చి చదువుకోవచ్చు కదా అని మీరు అడగవచ్చు. ఇక్కడ రెండో తలుపు ఎదురవుతుంది. ఆంధ్రప్రదేశ్ విద్యాసంస్థల్లో ప్రవేశాలకు 1974 నాటి రాష్ట్రపతి ఉత్తర్వులు 85 శాతం సీట్లను స్థానిక అభ్యర్థులకు కేటాయించాయి. స్థానికుడు ఎవరు? తెలుగువాడైతే చాలదు. తాతల నాటి ఇల్లు ఉంటే చాలదు. అర్హత పరీక్షతో ముగిసే నాలుగు వరుస సంవత్సరాలు ఆ ప్రాంతంలో చదివి ఉండాలన్నది ముఖ్యమైన నియమం. ఇంటర్మీడియట్ తరువాత చేరే చదువులకు ఆ నాలుగేళ్ళు ఏవో వేళ్ళమీద లెక్కపెట్టండి. తొమ్మిది, పది, ఇంటర్ మొదటి ఏడు, రెండో ఏడు. ఆ నాలుగేళ్ళు కోల్‌కతాలో చదివిన పిల్లవాడు సొంత జిల్లాకు స్థానికేతరుడవుతాడు. తల్లిదండ్రులు రాష్ట్రంలో పదేళ్ళు నివసించి ఉంటే మిగిలిన 15 శాతంలో పోటీ పడవచ్చు. ఆ ఇరుకు తలుపు దగ్గర రద్దీ ఎంత ఉంటుందో మీకు చెప్పనక్కరలేదు. తెలంగాణ ప్రభుత్వం వైద్య సీట్లకు ఇటువంటి నాలుగేళ్ళ నియమమే పెట్టగా, సుప్రీంకోర్టు 2025 సెప్టెంబరులో దానిని సమర్థించింది. కొన్ని వర్గాల ఉద్యోగుల పిల్లలకు మాత్రం ఆ ప్రభుత్వం మినహాయింపు ఇచ్చింది. సొంత నిర్ణయంతో కూలికో వ్యాపారానికో వెళ్ళినవారు ఆ జాబితాలో లేరు.

అటు బెంగాల్ కోటాకు అక్కడి నివాస ధ్రువపత్రం కావాలి. ఇటు మన కోటాకు ఇక్కడి చదువు కావాలి. రెంటికీ చెడ్డ రేవడి అనే సామెత ఆ పిల్లవాడికి సరిగ్గా సరిపోతుంది. తండ్రి జీతం ఎంత పెరిగితే ఈ నష్టం పూడుతుంది? ప్రైవేటు కళాశాల ఫీజులు చూస్తే సమాధానం దొరుకుతుంది.

ఇందువల్ల నేను ఒక నిర్ణయానికి వచ్చాను. అది కొందరికి మొండిగా తోచవచ్చు. ఇంట్లో ఏడు నుంచి ఇంటర్ మధ్య చదివే పిల్లలుంటే కుటుంబాన్ని కదిలించకూడదు. వెళ్ళవలసినవాడు ఒంటరిగా వెళ్ళాలి. పిల్లలు మరీ చిన్నవారైతే వెళ్ళవచ్చు. కాని ఎనిమిది పూర్తయ్యేలోపు తిరిగి రావాలా, లేక అక్కడే పాతుకుపోవాలా అన్నది తేల్చుకోవాలి. తేల్చకుండా ఏడాదికి ఏడాది నెట్టుకుపోవడమే అన్నిటికంటె చెడ్డది.

చిన్న చిన్న కాగితాల సంగతి క్లుప్తంగా చెబుతాను. ఆహార భద్రత చట్టం కింద ఇచ్చే బియ్యం, గోధుమలు ఇప్పుడు వేరే రాష్ట్రంలోనూ తీసుకోవచ్చు. ఆంధ్ర, తెలంగాణల మధ్య 2019లో మొదలైన ఈ ఏర్పాటులో పశ్చిమ బెంగాల్ 2021లో చేరింది. కాని రాష్ట్రం తన సొంత డబ్బుతో ఇచ్చే పింఛన్లు, పథకాలు సరిహద్దు దాటవు. వృద్ధాప్య పింఛను తీసుకునే తల్లిని వెంట తీసుకెళ్తే ఆ పింఛను పోవచ్చు. ఓటును కొత్త చిరునామాకు మార్చుకోవాలి. రైలు టికెట్లు 60 రోజుల ముందునుంచే ఇస్తారు కనుక సంక్రాంతికి ఊరు రావాలంటే నవంబరులోనే మేలుకోవాలి.

భాష గురించి మాత్రం కాస్త ఆగి మాట్లాడాలి. కోల్‌కతాలో పెరిగిన తెలుగు పిల్లవాడు బెంగాలీ, హిందీ, ఇంగ్లీషు ధారాళంగా మాట్లాడతాడు. ఇది చిన్న లాభం కాదు. పల్లెటూరి బడిలో చదివిన మన పిల్లలు పెద్దయ్యాక డబ్బు కట్టి నేర్చుకునేది అతనికి వీధిలో ఆడుకుంటూ వస్తుంది. ఇంకొక లాభం ఉంది. దానిని గురించి మనం పైకి మాట్లాడం. పెద్ద నగరంలో టీ కొట్టు దగ్గర ఎవరూ నీ కులమేమిటని అడగరు. ఊళ్ళో తండ్రి పేరుతో, పేట పేరుతో గుర్తింపు పొందే మనిషి అక్కడ తన చేతి పనితో గుర్తింపు పొందుతాడు. ఈ ఒక్క కారణం కోసం ఊరు విడిచినవారుంటే వారిని తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు.

కాని ఆ పిల్లవాడు తెలుగు మాట్లాడతాడు, చదవలేడు. అమ్మమ్మ రాసిన ఉత్తరాన్ని అమ్మ చదివి వినిపించాలి. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం ఆ రాష్ట్రంలో తెలుగుకు అధికార భాష హోదా ఇవ్వడానికి అంగీకరించింది. ఖరగ్‌పూర్ తెలుగువారి చిరకాల కోరిక అది. మంచిదే. అయితే హోదా వల్ల పిల్లవాడికి గుణింతం రాదు. రోజుకు అరగంట ఇంట్లో ఎవరో ఒకరు కూర్చోబెట్టాలి. సార్వత్రిక విద్యలో తెలుగును ఒక సబ్జెక్టుగా తీసుకునే వీలు ఉంది. మీరు చదువుతున్న ఇటువంటి పుస్తకమే అక్కడి ఇంట్లోనూ బల్లమీద ఉండవచ్చు.

రైల్వే కుటుంబాల దగ్గరికి మళ్ళీ వద్దాం. వారి కథలో 2003 ఏప్రిల్ 1 పెద్ద మలుపు. ఆ రోజు భువనేశ్వర్ కేంద్రంగా తూర్పు కోస్తా రైల్వే పూర్తిగా పని మొదలుపెట్టింది. వాల్తేరు డివిజన్ గార్డెన్ రీచ్‌ను విడిచి ఆ కొత్త జోన్‌లోకి వెళ్ళింది. ఏ బంధం కారణంగా తెలుగు ఉద్యోగులు కలకత్తా వచ్చారో ఆ బంధం ఒక ఉత్తర్వుతో తెగింది. కార్యాలయం కదిలింది, అప్పటికే స్థిరపడిన మనుషులు నిలిచిపోయారు. వెళ్ళినచోటు మారకపోయినా వెళ్ళిన కారణం మారిపోవచ్చునని, మకాం మార్చేవారెవరూ ముందుగా ఊహించరు.

ఇప్పుడు మరొక మలుపు వచ్చింది. విశాఖపట్నం కేంద్రంగా దక్షిణ కోస్తా రైల్వే ఏర్పాటును 2019 ఫిబ్రవరిలో ప్రకటించారు. ప్రధాన కార్యాలయానికి 2025 జనవరి 8న శంకుస్థాపన జరిగింది. కొత్త జోన్ ఏర్పడినప్పుడు ఇతర జోన్ల సిబ్బందిని ఆప్షన్ అడగడం రైల్వేలో ఉన్న పద్ధతే. గార్డెన్ రీచ్‌లో ఉన్న తెలుగు గుమాస్తాకు ఇది సొంత ఊరు పిలిచినట్టే ఉంటుంది. తల్లిదండ్రులు సంతోషిస్తారు. అతనికీ వెళ్ళాలనే ఉంటుంది. కాని కోల్‌కతాలో పుట్టి, తొమ్మిదో తరగతి చదువుతూ, స్నేహితులతో బెంగాలీలో కబుర్లు చెప్పుకునే అతని కూతురికి విశాఖపట్నమే కొత్త నగరం. మొదట్లో చెప్పుకున్న ప్రశ్నలన్నీ ఇప్పుడు ఆ అమ్మాయి వైపునుంచి అడగాలి. ఆమె ఏ రాష్ట్రానికి స్థానికురాలవుతుంది? ఏ భాషలో పరీక్ష రాస్తుంది? ఒక ఏడాది ఆగితే ఏం పోతుంది? ఆప్షన్ కాగితంలో సంతకం పెట్టే చోటు ఒక్కటే ఉంటుంది. ఆ సంతకానికి ముందు ఆ కాగితాన్ని ఇంట్లో పెట్టి, ఆ అమ్మాయి చేత ఒకసారి చదివించాలి. తెలుగులో రాసి ఉంటే ఆమె చదవగలదో లేదో కూడా అప్పుడే తెలుస్తుంది.